పిల్లలతో టెక్నాలజీ వాడకం సర్వే చేపియ్యాలంటే ఏ పద్ధతి మంచిది, ఏ గ్రాఫ్ గీయించాలె?

ఆరో తరగతిల దత్తాంశ నిర్వహణ (డేటా హ్యాండ్లింగ్, అంటే అంకెలు సేకరించి పట్టికలు, గ్రాఫులు చేసుడు) పాఠం రాంగనే చాలామంది సార్లు, మేడాలు పుస్తకంల ఉన్న లెక్కనే బోర్డు మీద ఎక్కిస్తరు, పిల్లలు దాన్ని చూసి గీస్తరు, మార్కులు పడతయి, పాఠం అయిపోతది. అదే పాఠాన్ని వాళ్ల ఇండ్లల్ల తిరిగే ఫోన్లు, టీవీలు, మిక్సీలు, బోరు మోటర్ల మీద సర్వే లెక్క చేపిస్తే క్లాసే వేరే ఉంటది. ఎందుకంటే బోర్డు మీద టీవీ 27 అని రాస్తే ఆ 27 మంది ఎవరో పిల్లలకు తెలుసు, అందుల తానున్నడో లేడో కూడా తెలుసు.

చిక్కు ఎక్కడొస్తదంటే ఎట్ల చేపియ్యాలె అన్న కాడ. చేతులెత్తిస్తే సరిపోతదా, ఇంటింటికీ పంపాల్నా, గూగుల్ ఫారం పెట్టాల్నా, అయినంక పట చిత్రం (బొమ్మలతోటి లెక్క చూపేది) గీయించాల్నా, కమ్మీ గ్రాఫ్ (పట్టీల పొడుగుతోటి చూపేది, బార్ గ్రాఫ్) గీయించాల్నా, పై చార్టా (గుండ్రాన్ని ముక్కలు చేసి చూపేది). హన్మకొండ, పరకాల, నర్సంపేట దిక్కు బడులల్ల చెప్పేటోళ్లకు, ఇంట్ల పిల్లలతోటి చేపిద్దామనుకునే తల్లిదండ్రులకు పనికొస్తదని ఇది రాస్తున్న. నా మాట ముందే చెప్తున్న: ప్రశ్నను బట్టి సర్వే పద్ధతి ఎంచుకోవాలె, వచ్చిన జవాబును బట్టి గ్రాఫ్ ఎంచుకోవాలె. చాలా చోట్ల ఉల్టా జరుగుతది, పై చార్ట్ రంగురంగులుగ మంచిగ కనిపిస్తది కాబట్టి ముందుగాల్నే పై చార్ట్ అనుకొని తర్వాత దానికి అంకెలు వెతుకుతరు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

పిల్లల వయసు మొదటిది. మూడు, నాలుగు తరగతులకు లెక్కపెట్టుడు, బొమ్మలు పెట్టుడు వరకే. ఆరు, ఏడుకు గ్రాఫ్ స్కేలు (ఒక సెంటీమీటరుకు ఎంత అన్న లెక్క), గంటలు వస్తయి. ఎనిమిది దాటినోళ్లకు శాతాలు, సగటు అన్నీ పెట్టొచ్చు.

రెండోది ఫోన్ ఎవరిది అన్న సంగతి. మన దగ్గర చాలా ఇండ్లల్ల ఒక్కటే స్మార్ట్ ఫోన్ ఉంటది, అది పొద్దంత నాయిన జేబుల ఉంటది, రాత్రి అందరి చేతులల్ల తిరుగుతది. పిల్లగాని వాడకం ఎంత, ఇంటి వాడకం ఎంత అనేది కలిసిపోతది.

మూడోది, నా లెక్కల అన్నిటికంటే పెద్దది, ఏ పిల్లా చిన్నబోవద్దు. నాలుగోది ఒక్కొక్కరు ఒక్కటే జవాబు చెప్తరా, ఎన్నైనా చెప్పొచ్చా అన్నది, దీన్ని చిన్న విషయం అనుకుంటరు గానీ గ్రాఫ్ తప్పేది ఎక్కువ ఇక్కడే, కింద చెప్త. ఇగ మీకు ఎన్ని పీరియడ్లు దొరుకుతయో అది మీకే తెలుసు.

ప్రశ్న ఎట్ల పెట్టాలె

2011 జనగణనల ఇంట్ల రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోన్, సైకిల్, స్కూటర్, కారు ఉన్నయా లేవా అని అడిగిర్రు. దేశం లెక్కకు ఆ ప్రశ్న అవసరం. క్లాసుల అదే ప్రశ్న పెడితే మాత్రం లేని పిల్ల తల దించుకుంటది, లేదంటే ఉన్నదని అబద్ధం చెప్తది, రెండూ మనకు వద్దు. అందుకని "మీ ఇంట్ల ఉన్నదా" అన్నది నేనైతే పెట్టనే పెట్టను. "నిన్న వాడినవా" అని అడుగుర్రి. నీ చేత్తో వాడినా, నీ కోసం ఇంకెవరన్న వాడినా లెక్కే అని ముందే చెప్పుర్రి. పక్కింట్ల కూసొని టీవీ చూసినా వాడినట్టే, కిరాణం కాడ అమ్మ స్కాన్ చేసి పైసలు కట్టినా వాడినట్టే, ఆర్టీసీ బస్సుల కండక్టర్ మెషిన్ల నుంచి జీరో టికెట్ తీసిచ్చినా వాడినట్టే. ఇట్ల అడిగితే ప్రతి పిల్లకూ చెప్పుకోనీకి ఏదో ఒకటి ఉంటది.

"నిన్న" అన్న మాట కూడా ఊకెనే పెట్టలేదు. "రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తవ్" అంటే పిల్లలు ఏదో ఒక అంకె చెప్పేస్తరు, పక్కోడు రెండంటే నేనూ రెండు అంటరు. నిన్న సంగతి అడిగితే గుర్తు చేసుకుంటరు. ఒకటే జాగ్రత్త, సోమవారం అడిగితే నిన్న అంటే ఆదివారం అయితది, ఫోన్, టీవీ లెక్కలు వేరే వస్తయి. బుధవారమో గురువారమో పెట్టుకోవాలె.

ఇగ లిస్టు. టెక్నాలజీ అనంగనే పిల్లలు ఫోన్, కంప్యూటర్, ట్యాబ్ అని ఆగిపోతరు. అక్కడ వదలొద్దు. మిక్సీ, కూలర్, నాయిన పొలంకాడ భుజానికి తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్, ఇంటి కాడ కూసొని ఫోన్ కొడితే బోరు మోటరు ఆన్ అయ్యే మొబైల్ స్టార్టర్, ఇవన్నీ టెక్నాలజీయే అని వాళ్లకు తట్టేదాకా మాట్లాడియ్యాలె. తట్టినంక లిస్టు పెద్దగైతది, అప్పుడు ఆరు నుంచి ఎనిమిది వరకు ఉంచి మిగతావి తీసెయ్యాలె. అందరూ అవునన్నవి, ఒక్కరు కూడా అవుననని వస్తువులు తీసేస్తే మంచిది. ఫ్యాన్ పెడితే అందరూ చెయ్యెత్తుతరు, అందుల నేర్చుకునేది ఏం లేదు.

ఇంకో గొడవ తప్పకుండ వస్తది. టీవీల యూట్యూబ్ చూస్తే అది టీవీ కిందికి రావాల్నా, యూట్యూబ్ కిందికా? ఫోన్ల పాటలు వింటే ఫోనా, పాటలా? వస్తువులను లెక్కపెడుతున్నమా, పనులను లెక్కపెడుతున్నమా అన్నది పిల్లలతోనే తేల్పియ్యాలె. ఈ గొడవకు ఒక పీరియడ్ మొత్తం పోయినా పోనియ్యుర్రి, సర్వేల అసలు నేర్చుకునేది ఇదే.

సర్వే పద్ధతులు ఒక్కొక్కటి

*క్లాసులనే లెక్క తీసుడు.* అన్నిటికంటే సులువు, ఒక పీరియడ్‌ల అయిపోతది. చేతులెత్తిస్తే మాత్రం పిల్లలు దోస్తు దిక్కు చూసి ఎత్తుతరు. దానికి నాకు బాగ నచ్చిన ఉపాయం చింతగింజలు. బల్ల మీద కాయితం గ్లాసులు వరుసగ పెట్టి ఒక్కోదాని మీద ఒక్కో వస్తువు పేరు రాయాలె, ఒక్కో పిల్లకు గుప్పెడు గింజలు ఇయ్యాలె, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిన్న వాడినవాటిల ఒక్కొక్క గింజ వేసి పోవాలె. బల్లను గోడ దిక్కు తిప్పితే ఎవరు దేంట్ల వేసిర్రో మిగతోళ్లకు కనపడది. అందరూ వేసినంక ఒక్కో గ్లాసు ఒక్కో జట్టుకు ఇచ్చి, గింజలు ఐదైదు కుప్పలు పెట్టిచ్చి, ఆ కుప్పలను చూసుకుంట గణన చిహ్నాలు (లెక్క గీతలు, ట్యాలీ మార్కులు) రాయిస్తే నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగ ఎందుకు కొట్టాలెనో విడిగ చెప్పే పనే ఉండదు. ఫోన్ గ్లాసుల గింజలు, కూలర్ గ్లాసుల గింజలు కింద పక్కపక్కన వరుసలు పేరిస్తే కమ్మీ గ్రాఫ్ నేల మీదనే తయారైతది.

లోటేంటంటే క్లాసు దాటి ఏం తెల్వది, గంటల లెక్క రాదు.

*వారం డైరీ.* ఏడు రోజులు, ఫోన్ ఎంతసేపు, టీవీ ఎంతసేపు అని పిల్లలే రాసుకునుడు. ఆరు, ఏడు తరగతులకు ఇది మస్తు పనికొస్తది, గానీ ఇంట్ల రాసుకొని రమ్మంటే ఆఖరి రోజు పొద్దున ఒకే పెన్నుతోటి ఏడు రోజులవీ నింపుకొస్తరు, చూడంగనే తెలిసిపోతది, రెండు, రెండు, రెండు అని అన్నీ ఒక్కతీరే ఉంటయి. అట్ల కావద్దంటే డైరీ బడిలనే ఉండాలె, రోజూ ప్రేయర్ అయినంక ఐదు నిమిషాలు ఇచ్చి నిన్నటిది రాయియ్యాలె. గంటలు అంకెలల్ల రాసేకంటే అరగంటకు ఒక గడి లెక్క రంగు వేపిస్తే చిన్నోళ్లకు సులువు, గీతల నోటుబుక్కు చాలు. శనివారం, ఆదివారం లెక్కలు సోమవారం రాయాలె కాబట్టి శనివారంది జర మర్చిపోతరు, దానికి ఏం చేయలేం, ఆ గడి పక్కన చుక్క పెట్టిచ్చి "గుర్తుంచుకొని రాసింది" అని రాసుకోమనాలె.

*ఇంటింటి సర్వే.* మన దగ్గర సర్వే అంటే అందరికీ తెలిసింది ఇదే. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే అయింది, 2024 నవంబర్ల కుల సర్వేకు మన సార్లు, మేడాలే ఇంటింటికీ తిరిగిర్రు. పిల్లలు ఇంట్ల ఆ ముచ్చట వింటనే ఉంటరు కాబట్టి ఉత్సాహంగ పోతరు. పెద్దోళ్లు చిన్నప్పుడు ఏం వాడిర్రో అడగాలంటే కూడా ఇదొక్కటే దారి.

దీంట్ల ఒక ఇబ్బంది ఉన్నది, అది ముందే తెలుసుకోవాలె. కాయితం పట్టుకొని గడపల నిలబడంగనే అవ్వ అడిగే మొదటి మాట "ఏం స్కీమొచ్చింది బిడ్డా?" అని. స్కీము అనుకుంటే ఉన్నది కూడా లేదని చెప్తరు, ఫ్రిజ్ ఉన్నదంటే ఎక్కడ కార్డు కట్ చేస్తరో అని భయం. అందుకని పిల్లలకు ముందుగాల్నే నేర్పియ్యాలె: "స్కీమ్ కాదు అవ్వా, మా బడిల లెక్కల పని, పేరు రాసుకోం" అని చెప్పినంకనే మొదటి ప్రశ్న అడగాలె. ఇద్దరిద్దరిని జంటగ, సొంత వాడలనే, పొద్దు గూకకముందే తిప్పాలె. ఒక జంటకు నాలుగైదు ఇండ్లు చాలు. మనిషి జవాబు చెప్పేటప్పుడు ఏదన్న దాస్తడా, ఎందుకు దాస్తడు అన్నది పిల్లలకు ఇక్కడ తప్ప ఇంకెక్కడా కనపడదు, అందుకే కష్టమైనా సంవత్సరంల ఒక్కసారన్న చేపియ్యమంట.

*ఫోన్ చెప్పే లెక్క.* ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌ల డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటది, ఐఫోన్‌ల స్క్రీన్ టైమ్. ఏ యాప్ ఎంతసేపు నడిచిందో నిమిషాలతో సహా చూపిస్తది. నోటిమాట కంటే ఇది గట్టి లెక్క. గానీ అది ఫోన్ లెక్క, పిల్లల లెక్క కాదు, నాయిన గంటసేపు వార్తలు చూసినా, చెల్లె కార్టూన్ చూసినా అన్నీ ఒక్కదాంట్లనే పడతయి. ఇంకోటి, ఆ స్క్రీన్ మీద ఇంటోళ్ల యాప్‌లన్నీ కనిపిస్తయి, అప్పు యాప్‌లతో సహా. స్క్రీన్‌షాట్ పంపుమని అడగనే అడగొద్దు. అమ్మనో నాయిననో చూసి మొత్తం ఎన్ని నిమిషాలో నోటితోటి చెప్తే పిల్ల రాసుకొని రావాలె, అంతే. దీన్ని ఒంటరిగ వాడేకంటే డైరీ పక్కన పెడితే బాగుంటది: ముందు "నిన్న మన ఇంట్ల ఫోన్ ఎంతసేపు నడిచి ఉంటది" అని పిల్లతో అంచనా రాయిచ్చి, తర్వాత ఫోన్ల చూసి పక్కన రాయిస్తే అంచనాకు, అసలుకు మధ్య ఎంత ఫరక్ ఉన్నదో పిల్లకే తెలుస్తది.

*గూగుల్ ఫారం.* లింకు వాట్సాప్ గ్రూపుల పెడితే సాయంత్రానికి జవాబులొస్తయి, గ్రాఫ్ కూడా అదే గీస్తది. మనకు సులువు. పిల్లలకు దాంతోటి దొరికేది తక్కువ, గణన చిహ్నాలు లేవు, పట్టిక లేదు, స్కేలు లేదు. అన్నిటికంటే పెద్ద లోటు ఏందంటే, టెక్నాలజీ వాడకం మీద సర్వేను టెక్నాలజీ మీదనే పెడితే నెట్ లేనోళ్లు ఆ సర్వేల నుంచే మాయమైతరు. జవాబిచ్చినోళ్లందరికీ స్మార్ట్ ఫోన్ ఉన్నదని వస్తది, ఉండక ఏమైతది మరి. తొమ్మిదో తరగతిల ఇదే విషయాన్ని పాఠం చేసి, అదే ప్రశ్నను కాయితం మీద కూడా పంచి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాత్రం చాలా మంచిది. పిల్లల పేర్లు, నంబర్లు ఫారంల అడగొద్దు. 2023ల వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంల 18 ఏండ్ల లోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలని ఉన్నది, చట్టం సంగతి పక్కన పెట్టినా, లెక్కల పాఠానికి పేరుతో పనేంది?

| పద్ధతి | ఎవరికి | ఎంత టైమ్ | మంచి | లోటు |
|---|---|---|---|---|
| క్లాసుల గింజల లెక్క | 3 నుంచి 6 తరగతి | ఒక పీరియడ్ | ప్రతి అంకె కండ్ల ముందే పుడతది | గంటలు తెల్వవు |
| వారం డైరీ | 6, 7 | రోజూ 5 నిమిషాలు, వారం | రోజు రోజుకూ మార్పు కనిపిస్తది | ఒక్కరోజే నింపేస్తరు |
| ఇంటింటి సర్వే | 7, 8 | రెండు సాయంత్రాలు, రెండు పీరియడ్లు | పెద్దోళ్ల సంగతులు దొరుకుతయి | స్కీము అనుకొని దాస్తరు |
| ఫోన్ లెక్క | 8, 9 | రోజుకు రెండు నిమిషాలు | నిమిషాలతో సహా గట్టి లెక్క | ఇంటోళ్లందరిదీ కలిసి వస్తది |
| గూగుల్ ఫారం | 9 | ఒక సాయంత్రం | ఎక్కువమంది తొందరగ దొరుకుతరు | నెట్ లేనోళ్లు పోతరు |

గ్రాఫ్‌ల సంగతి

పట చిత్రం చిన్నోళ్లకు. ఫోన్ బొమ్మలు గీసుకుంట కూసుంటే పీరియడ్ అయిపోతది కాబట్టి బొట్టుబిళ్లలు అతికియ్యుర్రి. ఒక బిళ్ల అంటే ఎంతమంది అన్నదాన్ని జాగ్రత్తగ పెట్టాలె. ఒక బిళ్లకు నలుగురు అని పెడితే 27కు ఆరు బిళ్లలు, ముప్పావు బిళ్ల కావాలె, ముప్పావు కత్తిరించుడు పిల్లల వల్ల కాదు. ఒక బిళ్లకు ఇద్దరు అంటే పదమూడున్నర, సగం కత్తిరిస్తే అయిపాయె.

కమ్మీ గ్రాఫ్, పై చార్ట్ మధ్యనే చాలామంది ఆగమైతరు. ఒక ఉదాహరణ పెట్టుకుందాం. క్లాసుల 36 మంది, నిన్న వాడినవన్నీ చెప్పుమంటే ఫోన్ 31, టీవీ 27, మిక్సీ 20, స్ప్రేయర్ 6 వచ్చినయనుకో. మొత్తం కలిపితే 84, పిల్లలు 36 మందే. ఒక్కొక్కరు రెండు మూడు చెప్పిర్రు కాబట్టి అట్ల వస్తది, తప్పేం కాదు. దీనికి కమ్మీ గ్రాఫే గీయాలె. పై చార్ట్ గీస్తే 36 మందిని ముక్కలు చేసినట్టు కనిపిస్తది, నిజానికి అది 84 జవాబులను ముక్కలు చేసింది, చూసేటోళ్లు తప్పు అర్థం చేసుకుంటరు. అదే 36 మందిని "నిన్న అన్నిటికంటే ఎక్కువసేపు వాడింది ఏది, ఒక్కటే చెప్పు" అని అడిగితే ఫోన్ 18, టీవీ 12, మిగతావి 6 అని వచ్చిందనుకో, మొత్తం సక్కగ 36. ఇప్పుడు పై చార్ట్ గీయొచ్చు. గూగుల్ ఫారం కూడా ఒక్క జవాబు ప్రశ్నకు పై చార్ట్, ఎన్నైనా టిక్ పెట్టే ప్రశ్నకు కమ్మీలు ఇస్తది, ఎందుకో పిల్లలను అడిగి చూడుర్రి.

పై చార్ట్ చేత్తో గీయిస్తే కోణమానినితో పిల్లలు సతమతమైతరు. దానికి మంచి ఉపాయం జవాబులు తీసుకునే మంది సంఖ్యను ముందే చూసుకునుడు. 36 మంది అయితే ఒక్కొక్కరికి సరిగ్గ 10 డిగ్రీలు, పై లెక్కల ఫోన్ 180, టీవీ 120, మిగతావి 60. 30 మంది అయితే 12, 40 మంది అయితే 9, 24 మంది అయితే 15. క్లాసుల 37 మంది ఉంటే ఒక పిల్లను లెక్క రాసే పనికి పెట్టి 36 మందినే అడుగుర్రి.

గీత గ్రాఫ్ కాలం నడిచేటప్పుడే. వారం డైరీల సోమవారం నుంచి ఆదివారం దాకా టీవీ ఎంతసేపు అన్నదానికి చుక్కలు కలపొచ్చు. ఫోన్ చుక్కనూ మిక్సీ చుక్కనూ గీతతో కలిపితే ఆ గీతకు అర్థం లేదు, రెండిటి మధ్యల ఏం లేదు కదా. ఈ కమ్మీ గ్రాఫ్‌ను 1786ల గీసిన విలియం ప్లేఫేర్ అన్నాయనకు కూడా ఇదే చిక్కు వచ్చింది, మిగతా దేశాలకు ఏండ్ల తరబడి లెక్కలుండె కాబట్టి గీతలు గీసిండు, స్కాట్లాండ్ వ్యాపారానికి ఒక్క ఏడాది లెక్కలే దొరికినయి కాబట్టి కమ్మీలు పెట్టిండు. పై చార్ట్ కూడా ఆయనదే, 1801ల. ఒక్కరోజు లెక్క ఉంటే కమ్మీ, వారం లెక్క ఉంటే గీత అని పిల్లలకు ఈ కథతోటి చెప్తే మర్చిపోరు.

జంట కమ్మీ ఏడో తరగతికి. మామూలు రోజు, ఆదివారం పక్కపక్కన పెట్టొచ్చు. ఇంటింటి సర్వే చేస్తే "నువ్వు మా అంత ఉన్నప్పుడు మీ ఇంట్ల ఏం వాడేది తాతా" అని అడిగి అప్పుడు, ఇప్పుడు అని గీయిస్తే రేడియో కమ్మీ, ఫోన్ కమ్మీ ఉల్టా అయితయి, క్లాస్ మొత్తం దాని సుట్టే మాట్లాడుకుంటది.

చేత్తోనా, కంప్యూటర్ల్నా

మొదటి గ్రాఫ్ చేత్తోనే, దీంట్ల నాకు రెండో మాట లేదు. స్కేలు తనే అనుకోవాలె, 31ని ఒక సెంటీమీటరుకు 5 లెక్కన గీస్తే ఆరు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు అని తనే లెక్కకట్టాలె. రెండోసారి ఎక్సెల్ల గీయిస్తే ఫరక్ తెలుస్తది. అంకెలన్నీ దగ్గర దగ్గర ఉంటే ఎక్సెల్ ఒక్కోసారి అడుగును సున్నా నుంచి మొదలుపెట్టదు, 27కు, 31కి మధ్యల ఉన్న చిన్న తేడా చాలా పెద్ద తేడా లెక్క కనిపిస్తది. చేత్తో గీసిన పిల్ల దాన్ని పట్టుకుంటది.

మీరు ఎవరైతే ఏది

ఒక్క టీచరే ఉన్న ప్రైమరీ బడి అయితే గింజల లెక్క, బొట్టుబిళ్లల పట చిత్రం. ఐదో తరగతోళ్లు లెక్క రాస్తరు, రెండో తరగతోళ్లు గింజలు వేస్తరు, అందరికీ పని ఉంటది.

హైస్కూల్‌ల ఆరు, ఏడు చెప్పేటోళ్లయితే వారం డైరీ పెట్టి కమ్మీ, గీత రెండూ గీయియ్యుర్రి, ఏ గ్రాఫ్ ఏం చెప్తున్నదో ఒక వాక్యం రాయియ్యుర్రి. "ఫోన్ ఎక్కువ ఉన్నది" అని రాస్తే ఒప్పుకోవద్దు, ఎవరిలో, ఏ రోజు, దేనికంటే ఎంత ఎక్కువ అన్నది ఉండాలె. ఎనిమిదికి ఇంటింటి సర్వే. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బడులల్ల కూడా ఫారంతోటి మొదలుపెట్టొద్దనే నేనంట.

ఇంట్ల ఒక్క పిల్లతోటి చేపిద్దామనుకునే అమ్మానాయినలకు సర్వే అంటే మంది కావాలె కదా అనిపిస్తది. మంది అవసరం లేదు, రోజులుంటే చాలు. ఫోన్ లెక్క, పిల్ల అంచనా రెండూ రాసుకుంట రెండు వారాలు గీత గ్రాఫ్ గీయొచ్చు. ఒకటే మాట, దాన్ని పిల్లను తిట్టనీకి వాడొద్దు. గ్రాఫ్ చూపిచ్చి "చూడు ఎంత చూస్తున్నవో" అన్నరంటే మర్నాటి నుంచి అంకెలు తగ్గుతయి, చూసుడు తగ్గది. మీ ఫోన్ వాడకం కూడా అదే చార్ట్ మీద ఇంకో రంగుతోటి గీయుర్రి, అప్పుడు పిల్ల నిజం రాస్తది.

ఎప్పుడు పెట్టాలె అన్నదానికి, జూన్ 29 జాతీయ గణాంక దినం, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు, బడులు తెరిచిన కొత్తలనే వస్తది కాబట్టి గింజల లెక్కకు బాగుంటది. డైరీకి మాత్రం పండుగ లేని మామూలు వారం చూసుకోవాలె. బతుకమ్మ తొమ్మిది రోజులల్ల, మేడారం జాతర వారంల ఇండ్లల్ల అన్నీ మారిపోతయి, సాయంత్రం టీవీ ముంగట ఎవరూ ఉండరు, ఫోన్ల ఫోటోలు, వీడియోలే నడుస్తయి. ఆ రోజుల లెక్క కావాలంటే ముందు మామూలు వారం ఒకటి రాయిచ్చి పెట్టుకొని, తర్వాత పండుగ వారం రాయిచ్చి, రెండిటికీ జంట కమ్మీ గీయియ్యుర్రి.